ఇంటిగుట్టును యంత్రమును

ఈ నెల మేము వంటింటి సంగతియు, శిశుపోషణ సంగతియు గాక, మనము మనది కాదని తలచి పురుషులకును పిల్లలకును విడిచిపెట్టుచున్న యొక విషయమును గూర్చి వ్రాయదలచితిమి. అది మన యిండ్లలోని కంప్యూటరులో మనతో మాటలాడు కృత్రిమ మేధను గూర్చినది. ఇంటిగుట్టు లంకకు చేటను సామెత నెరుగని తెలుగు గృహిణి యుండదు. లంక గుట్టు విభీషణుని నోట బయటపడినది. మన యిండ్ల గుట్టు నేడు మన వ్రేళ్ల కొసలనుండియే బయటపడుచున్నది.

మా యూరు పెద్ద అంబర్‌పేట. హైదరాబాదునుండి విజయవాడకు బోవు రాజమార్గమును, నగరమును చుట్టియున్న బాహ్యవలయ రహదారియు కలియు చోట నున్నది. పట్టణములో వచ్చు క్రొత్త వస్తువేదియైనను మా వీధికి వచ్చుటకు నాలుగు దినములు పట్టదు. ఈ మాటలాడు యంత్రమును అట్లే వచ్చినది.

మావారు ఉపాధ్యాయులు. మొన్నటి పరీక్షల పిమ్మట ఒకనాటి రాత్రి, తరగతిలో వెనుకబడిన పిల్లల తల్లిదండ్రులకు జాబులు వ్రాయ నారంభించిరి. అన్ని జాబులు చేతితో వ్రాయుట శ్రమయని, బ్రౌజరులో నొక సంభాషణయంత్రమును తెరచి, ఒక్కొక్క బిడ్డను గూర్చి తాము వ్రాసికొన్న వివరములను దానిలో నింపి, మర్యాదగా జాబు కూర్చి యిమ్మని యడుగుచుండిరి. మేము పాలగ్లాసు తెచ్చి వెనుక నిలిచి చూచితిమి. ఒక బాలిక పేరు, ఆమె తండ్రి త్రాగివచ్చి తల్లిని కొట్టుచుండుట. ఒక బాలుని పేరు, వానికి మూర్ఛలు వచ్చుచుండుట. ఇవన్నియు తెరమీద నుండెను.

“ఏమండీ, ఈ సంగతులను ఎవరు చదువుదురు?” అని యడిగితిమి.

“ఎవరును చదువరు. ఇది యంత్రము” అనిరి.

“ఆ యంత్రము ఎచ్చట నున్నది?” అని మరల నడిగితిమి.

వారు ల్యాప్‌టాపు వంక చూచిరి, పిమ్మట మా వంక చూచిరి, బదులు చెప్పలేదు. ఆ ప్రశ్నకు బదులు వెదకుటకు మాకిద్దరకును రెండు నెలలు పట్టినది. తెలిసికొన్నంత మేరకు ఇచ్చట మనవి చేయుచున్నాము.

ఆ యంత్రము మన బల్లమీద లేదు. మన కంప్యూటరు ఒక కిటికీ మాత్రమే. మనము వ్రాసిన వాక్యము ఆ కిటికీగుండ బయటికి పోయి, ఎక్కడనో, అనేక పర్యాయములు పరదేశములో, వేలకొలది కంప్యూటరులున్న భవనమునకు చేరును. అచ్చట సమాధానము తయారై తిరిగి వచ్చును. దారిలో నెవ్వరును చూడకుండునట్లు ఆ వాక్యమునకు మరుగుభాష తొడుగుట నిజమే. కాని చేరవలసిన చోట చేరిన పిదప తొడుగు తీయకున్న యంత్రము దానిని చదువలేదు గదా. అచ్చట మన మాట నిలువ యుండును. కొన్ని సంస్థలలో, మనము వలదని సెట్టింగులలో చెప్పనియెడల, ఆ మాటలతోనే తరువాతి యంత్రమునకు చదువు చెప్పుదురు.

ఇది వట్టి భయము కాదనుటకు జరిగిన సంగతులే సాక్ష్యము. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30వ తేదీన లోకమునకు విడుదలయ్యెను. నాలుగు మాసములు తిరుగకమునుపే, 2023 మార్చిలో, దానిలోని యొక లోపమువలన కొందరి సంభాషణల శీర్షికలు మరికొందరికి కనబడెను. ఆ సంస్థవారే దాని నొప్పుకొనిరి. 2025లో, మిత్రులకు చూపుటకై జనులు పంచుకొన్న సంభాషణలు కొన్ని గూగులు వెదకులాటలో నెల్లరకును కనబడగా, ఆ సదుపాయమును సంస్థవారు తీసివేయవలసి వచ్చెను. ఆ యేటనే మే నెలలో, ఒక వార్తాపత్రిక వేసిన వ్యాజ్యములో, అమెరికాలోని న్యాయస్థానము వాడుకరులు చెరిపివేసిన సంభాషణలను సైతము భద్రపరుపవలయునని ఆ సంస్థ నాజ్ఞాపించెను. ఆ యాజ్ఞ కొన్ని మాసములకు సడలింపబడినది గాని, “చెరిపితిని గదా” యని నిశ్చింతగా నుండుటకు వీలులేదని దానివలన తేటపడినది. మన కేంద్ర ఆర్థిక మంత్రిత్వశాఖవారును 2025 జనవరిలో, చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటి వానిని కార్యాలయపు కంప్యూటరులలో వాడవలదని తమ యుద్యోగులకు తెలియజేసిరి. సర్కారు కాగితమునకు గుట్టు కలదన్నప్పుడు, మూర్ఛలు వచ్చు పసివాని సంగతికి గుట్టు లేదా?

ఇక బ్రౌజరు సంగతి. సంభాషణయంత్రము నెన్నడును తెరువని సోదరికి గూడ ఇది తప్పదు. మనము దేవాలయమునకు పోయినపుడు చెప్పులు విడిచినచోట ఒక బిళ్ల నిత్తురు; తిరిగి వచ్చి బిళ్ల చూపిన మన చెప్పులు మనకిత్తురు. అంతర్జాలములో “కుకీ” యనునది అట్టి బిళ్ల. దానిని 1994లో నెట్‌స్కేప్ సంస్థలోని లూ మాంటుల్లి యనువాడు కల్పించెను. మనము మరల వచ్చినపుడు గుర్తించుటకే అది పుట్టినది. అందు దోషము లేదు. కాని సంఘీ గుడివద్దను, యాదగిరిగుట్టవద్దను, చెర్వుగట్టువద్దను చెప్పుల గుత్త ఒక్కడే పట్టి, ప్రతి బిళ్లపైనను మన పేరు గుర్తుపెట్టుకొని, ఈమె ఏ దినమున ఏ గుడికి ఏ మ్రొక్కుతో పోయినదో చిట్టా వ్రాసి అంగళ్లవారికి అమ్ముకొనిన నెట్లుండును? ప్రకటనల సంస్థలు పెట్టు పరాయి కుకీలు చేయునది సరిగా నిదియే. ఆపిల్‌వారి సఫారీ బ్రౌజరు 2020లో ఇట్టి కుకీలను పూర్తిగా నాపివేసినది. ఫైర్‌ఫాక్స్ 2022లో ఏ గుడి బిళ్ల ఆ గుడిలోనే చెల్లునట్లు కట్టడి చేసినది. క్రోము బ్రౌజరులో వానిని తొలగింతుమని 2020లో చెప్పిన గూగులువారు, 2024లో ఆ సంకల్పమును విడిచిరి. కావున అందు వానిని మనమే సెట్టింగులలో నాపుకొనవలయును.

కుకీలకంటె జాగ్రత్త పడవలసినవి ఎక్స్‌టెన్షనులు. కూపనులు చూపుదుమని, వ్యాకరణము దిద్దుదుమని, చిత్రములు దింపుదుమని చెప్పి బ్రౌజరులో చేరునవి ఇవి. చేరునపుడు “అన్ని వెబ్‌సైటులలోని మీ సమాచారమును చదువుటకును మార్చుటకును” అనుమతి యడుగును. మనము చదువక సరే యందుము. అటుపిమ్మట అది మనము తెరచు ప్రతి పుటను మన భుజముమీదుగ చూడగలదు. సంభాషణయంత్రముతో మనమాడు మాటలును అందులోనివే. మా బ్రౌజరులో నెన్ని యున్నవో లెక్కించితిమి, తొమ్మిది తేలినవి. వానిలో రెండింటి పని మాత్రమే మాకు తెలిసినది. తక్కిన యేడింటిని తీసివేసితిమి.

ఇట్టి స్థితిలో, యంత్రమునే ఇంటికి తెచ్చుకొన్న నేమి యను తలంపు కొందరికి కలిగినది. నూరిపించుకొనుటకు పిండిమరకు పోవక, యింట తిరుగలి పెట్టుకొనుట వంటిది. కృత్రిమ మేధలోని సారమంతయు ఒక పెద్ద సంఖ్యల పట్టిక. దానినే నమూనా యందురు. 2023 ఫిబ్రవరిలో మెటా సంస్థవారు లామా యను నమూనాను పరిశోధకులకిచ్చిరి. అది త్వరలోనే బయటికి పొక్కినది. మరుసటి మాసములోనే గియోర్గి గెర్గనోవ్ అను బల్గేరియా దేశీయుడు, సామాన్యమైన కంప్యూటరులో దానిని నడుపు ప్రోగ్రామును వ్రాసి యెల్లరకును ఉచితముగ నిచ్చెను. నాటినుండి ఇంటి కంప్యూటరులో కృత్రిమ మేధను నడుపుట సామాన్యులకు సాధ్యమైనది.

దీనిలో కిటుకు లెక్కలోనిది. 700 కోట్ల సంఖ్యలుగల నమూనాలో ఒక్కొక్క సంఖ్యకు 16 బిట్లు చొప్పున చోటిచ్చిన 14 గిగాబైట్లు కావలయును. మన యిండ్లలోని ల్యాప్‌టాపు దానిని మోయలేదు. ప్రతి సంఖ్యను కుదించి 4 బిట్లలో నిమిడ్చిన సుమారు నాలుగు గిగాబైట్లకు దిగును. బంగారు తూకములో గురిగింజ వరకు చూచుటకు బదులు వీసెలలో చూచినట్లు, సూక్ష్మత కొంత పోవును గాని పని జరుగును. 8 గిగాబైట్ల ర్యాముగల కంప్యూటరులో 200 కోట్లనుండి 400 కోట్ల సంఖ్యల నమూనా నెమ్మదిగా నడచును. 16 యున్నచో 700 కోట్లదియు నడచును. ఓలామా, ఎల్‌ఎం స్టూడియో అను ప్రోగ్రాములను వాని సొంత వెబ్‌సైటులనుండి దించుకొని, అందులో నమూనాను ఎన్నుకొనిన చాలును. ఒక్కసారి దించుకొనుటకే అంతర్జాలము కావలయును. డీప్‌సీక్ వంటి దానిని వెబ్‌సైటులో వాడిన మన మాట చీనా దేశమునకు పోవును. దాని చిన్న నమూనానే దించుకొని యింట వాడిన మన గుమ్మము దాటదు. వస్తువు ఒక్కటే, ఉన్నచోటునుబట్టి గుణము మారినది.

మన భాషకై పాటుపడినవారిని గూడ చెప్పుట ధర్మము. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు ఓజోన్‌టెల్ సంస్థతో గూడి, విద్యార్థుల చేతులమీదుగ తెలుగు కథలను సేకరించి, చందమామ కథలు చెప్పు చిన్న నమూనాను నిర్మించిరి. తెలుగు ఎల్‌ఎల్‌ఎం ల్యాబ్స్‌వారు గూగులువారి జెమ్మా నమూనాను మన దేశభాషలకు మలచి 2024లో నవరస యను పేర విడుదల చేసిరి. అదే సంవత్సరము సర్వం సంస్థవారు తెలుగుతో గూడ పది భారతీయ భాషలకై 200 కోట్ల సంఖ్యల సర్వం-1 నిచ్చిరి. ఇవి ఇంటి కంప్యూటరులో నిముడునంతటివి.

మేమును మా పాత ల్యాప్‌టాపులో ఒక చిన్న నమూనాను పెట్టించితిమి. సత్యము చెప్పవలయును: అది మమ్ము మురిపింపలేదు. ఇంగ్లీషున చురుకుగా వ్రాసినది, తెలుగున ప్రసవవేదన పడినది. దానికి కారణమున్నది. నమూనా మాటలను చిన్న తునకలుగ జేసి చదువును. చాల నమూనాలకు మన గుణింతములు అలవాటు లేనందున, ఒక తెలుగు మాట ఇంగ్లీషు మాటకంటె అనేక తునకలగును. తునకలు పెరిగినకొలది ఆలస్యము. ఆముక్తమాల్యదను ఎవరు రచించిరని యడుగగా, తడబాటు లేక తెనాలి రామకృష్ణుడని చెప్పెను! బాల్యమున మా తాతగారివద్ద కూర్చుండి పద్యములు చదివినందున మేము నవ్వితిమి. చదువని పిల్ల యైన నమ్మియుండెడిది. ఇంటి యంత్రము గుట్టు దాచును గాని, చిన్నదగుటచే పెద్ద యంత్రములకంటె తరచుగ తప్పు చెప్పును. కావున మందుల విషయమునను, న్యాయవిషయమునను దాని మాటను ప్రమాణముగ గొనరాదు.

ఈ సంగతులు మా ప్రక్కయింటి కోడలితో ముచ్చటించితిమి. పెండ్లియై నాలుగేండ్లయినను ఆమెకు సంతానము లేదు. ఆమె శ్రద్ధగా విని, కొంతసేపటికి మెల్లగా నిట్లనెను: “అక్కా, అమెరికాలోని కంపెనీ చూచిన నాకేమి? మా అత్తగారు చూచుటయే నాకు భయము.”

జరిగిన దేమనగా, ఆమె ఇంటివారందరును వాడు కంప్యూటరులో ఒకనాడు తన యారోగ్యమును గూర్చి వెదకినది. మరునాటినుండి అత్తగారు భక్తిపాటలు తెరచిన చోటనెల్ల సంతాన సాఫల్య కేంద్రముల ప్రకటనలు రానారంభించినవి. అడుగవలసినవి, అడుగరానివి యన్నియు అడిగిరి. ఆ పిల్ల వైద్యునివద్దకు పోకమునుపే ఇంటిల్లిపాదికిని తీర్పరులైరి.

ఆమె మాటతో మా యాలోచన సగము తలక్రిందులైనది. గుట్టనునది ఎవరినుండి యను ప్రశ్న మేము వేసికొననే లేదు. ఇంటి యంత్రము కంపెనీనుండి దాచును. కాని దానితో నాడిన మాటలన్నియు ఆ కంప్యూటరులోనే చిట్టాగ నిలుచును. ఇంటిలో నెవరు తెరచినను చదువవచ్చును. బ్రౌజరులోని ఇన్‌కాగ్నిటో దీనికి విపర్యయము. అది కంపెనీలనుండి దాచునని యనేకులు భ్రమసిరి. ఆ భ్రమపై 2020లో గూగులుపై అమెరికాలో వ్యాజ్యము నడచి, 2024లో ఆ సంస్థ కోట్లకొలది చిట్టాలను చెరుపుటకు ఒప్పుకొనవలసి వచ్చెను. కాని కిటికీ మూసిన వెంటనే చరిత్రను తుడిచి, తరువాత కూర్చున్నవారికి కనబడనీయకుండుటకు అది మిక్కిలి యక్కరకు వచ్చును. ఒకటి వీధి తలుపు. ఒకటి గది తలుపు. ఏ తలుపు వేయవలయునో ఎరిగి వేయవలయును.

ఆ పిల్లకు మేము చేసిన సాయమిది. కంప్యూటరులో ఆమెకు వేరు ఖాతా, వేరు సంకేతపదము ఏర్పరచితిమి. బ్రౌజరులో పరాయి కుకీల నాపితిమి. వెదకునపుడు ఇన్‌కాగ్నిటోలో వెదకుట నేర్పితిమి. వైద్యుని నేమి యడుగవలయునో ప్రశ్నలు కూర్చుకొనుటకు ఇంటి నమూనాను ఆమె ఖాతాలోనే పెట్టి యిచ్చితిమి. ఆమెయు భర్తయు కలసియే వైద్యునివద్దకు పోయి వచ్చిరి. తక్కినది వారి సంగతి. వ్రాయుట మాకు తగదు. ఈపాటి వ్రాయుటకును ఆమె యనుమతి పొందితిమి.

ఇంటి యంత్రమును పెట్టుకొనువారికి మరి రెండు హెచ్చరికలు. ఓలామాలో ఇప్పుడు “క్లౌడ్” అను గుర్తుగల నమూనాలును గలవు. వానిని ఎన్నుకొనిన మాట మరల బయటికే పోవును. దీనిని పరీక్షించుటకు సులభోపాయము: వైఫైని ఆపివేసి ప్రశ్న యడుగుడు, బదులు వచ్చిన యంత్రము ఇంటనే యున్నది. రెండవది, దారినపోవు వారెల్లరు వాడుకొనునట్లు దానిని అంతర్జాలమునకు తెరచియుంచరాదు. అట్లు తాళము లేక తెరచియున్న ఓలామా యంత్రములు వేయికి పైబడి 2025లో పరిశోధకుల కంటబడినవి. తిరుగలి ఇంట నున్నను వాకిలి తెరచియుంచిన ఫలమేమి?

చట్టమును మనకు అండగ నున్నది. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీము కోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ, ఆంతరంగికత పౌరులకు మౌలికమైన హక్కని తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును, 2025 నవంబరులో దాని నియమములును వచ్చినవి. అవి దశలవారీగ అమలులోనికి వచ్చునట్లు ఏర్పరచిరి. పదునెనిమిదేండ్లు నిండనివారి వివరములను వాడుకొనుటకు తల్లిదండ్రుల యనుమతి కావలయునని ఆ చట్టము చెప్పుచున్నది. అయినను చట్టము దొంగ దొరికిన పిమ్మట వచ్చు బంట్రోతు. 2024లో తెలంగాణ పోలీసువారి హాక్ ఐ ఆప్‌నుండి వాడుకరుల వివరములు దొంగిలింపబడినపుడు, పోలీసువారు నిందితుని జూన్ నెలలో పట్టుకొనిరి. స్త్రీల రక్షణకై గూడ ఉద్దేశింపబడిన ఆప్ అది. దొంగను పట్టుకొనవచ్చును గాని పొక్కిన మాటను పట్టి లోపల పెట్టుట ఎవరి తరము?

మావారి జాబుల సంగతి చెప్పి ముగింతుము. ఆ రాత్రియే వారు సంభాషణను చెరిపిరి. మన మాటలతో యంత్రమునకు చదువు చెప్పవలదని సెట్టింగును మార్చిరి. అంతకుముందు పోయిన ఆరుగురు పిల్లల వివరములు పోయినవే. వానిని తిరిగి తెచ్చుకొను మార్గము లేదు. ఆ సంగతి వారిని కొన్ని దినములు బాధించినది. మరునాడు ప్రధానోపాధ్యాయునితో తామే చెప్పుకొనిరి. అటు పిమ్మట బడిలో మరి ముగ్గురు ఉపాధ్యాయులు తామును అట్లే చేయుచుంటిమని యొప్పుకొనిరట.

ఇప్పుడు మా యింట ఒక కట్టుబాటు గలదు. పండుగ వంటకమును, ప్రశ్నపత్రమును, పాఠపు సారాంశమును బయటి యంత్రము నడుగవచ్చును. పేరు గలది, రోగము గలది, డబ్బు గలది, కన్నీరు గలది ఇంటి యంత్రమునకే. అదియు పేరు తీసివేసి. మిగిలిన పదునొకండు జాబులను మాత్రము మావారు ఏ యంత్రమును ముట్టక చేతితో వ్రాసిరి. రెండు రాత్రులు పట్టినది. కొట్టువడు తల్లిగల ఆ బాలిక జాబును ఇంటికి పంపక, తండ్రి చేతబడునను భయముచే తల్లిని బడికి పిలిపించి యామె చేతికే యిచ్చిరి. అంతటి వివేకమును ఏ యంత్రమును మాకు చెప్పియుండదు.

సోదరీమణులారా, మీ యింట ఎవరైనను ఆ తెర యెదుట కూర్చుండి నలుగురి సంగతులు వ్రాయుచున్నపుడు, పాలగ్లాసు చేతికిచ్చి ఒక్క ప్రశ్న యడుగుడు: ఆ యంత్రము ఎచ్చట నున్నది?